నరం తిరిగి వచ్చేదాకా

పశువైద్యంలో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ జగదల్‌పూర్‌లో మా ఇంటికి వస్తుంటారు. ఏ మందు ఎంత ఇవ్వాలని వాళ్లు నన్ను అడగరు. అవన్నీ ఫోన్లో దొరుకుతున్నాయి. "మేడమ్, కోంటా వైపు పోస్టింగ్ వేశారు, అక్కడ ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. రోడ్లు మునుపటికన్నా నయమని, భాష గురించి భయపడొద్దని చెప్పి, టీ ఇచ్చి పంపేస్తాను. అసలు చెప్పవలసింది టీ తాగేంతలో అయ్యేది కాదు. అందుకే రాస్తున్నాను.

మా నాన్న కిరండూల్ గనిలో పనిచేశాడు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ మాట్లాడుతూ పెరిగాను. పశువుల డాక్టరునయ్యాక సుక్మా దక్షిణాన, ఆ కోంటా వైపే, చాలా ఏళ్లు తిరిగాను కాబట్టి కాస్త గోండీ, దోర్లీ కూడా వంటబట్టాయి. ఆ ఏళ్లలో వేలకొద్దీ టీకాలు వేసి ఉంటాను. అవేవీ గుర్తులేవు. ఒక ఇల్లు మాత్రం గుర్తుంది. ఆ ఇంటి సంగతే చెబుతాను.

ఎముక విరగలేదు

గొల్లపల్లి దాటాక అడవి అంచున ఒక ఊరు. అక్కడ సోడి ముత్తయ్య, కన్నమ్మ అనే భార్యాభర్తలు ఉండేవారు. దోర్ల తెగవాళ్లు. తమలో తాము దోర్లీలో, నాతో తెలుగులో మాట్లాడేవారు. పిల్లల్లేరు. కాస్త వరి, వేసవిలో ఇప్పపువ్వు, తునికాకు, ఇదీ వాళ్ల బతుకు. ముత్తయ్య మెల్లగా మాట్లాడే మనిషి. కన్నమ్మ గొంతు మాత్రం మూడిళ్ల అవతలికి వినబడేది. ఆ గొంతు ఎక్కువగా ముత్తయ్య మీదే లేచేది.

వాళ్లకు ఒక జత ఎడ్లుండేవి. వానలు మొదలైన కొత్తలో అందులో ఒకటి, మచ్చలోడు, వాగు గట్టు దిగుతూ జారి రెండు బండల మధ్య ఇరుక్కుంది. ఊరంతా కలిసి బయటికి లాగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చిందట. లేచి నిలబడింది గాని కుడి ముందుకాలు పనిచేయలేదు. మోచేయి కిందికి జారిపోయి, గిట్ట వెనక్కి మడుచుకుని, అడుగు వేస్తే గిట్ట ముందు భాగం నేలకు రాసుకుంటోంది.

నేను వెళ్లిన రోజు మా పై అధికారి కూడా పర్యటనకు వచ్చి ఉన్నాడు. గొడుగు కింద, పది అడుగుల దూరంలో నిలబడి చూశాడు.

"హడ్డీ టూట్ గయీ, భాయ్. బేచ్ దో" అన్నాడు. ఎముక విరిగింది, అమ్మేయమని. అని వెళ్లి జీపులో కూర్చున్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. వరదల్లో మాకు మందులు పంపడానికి పైవాళ్లతో పోట్లాడిన మనిషి. కానీ ఏళ్ల తరబడి ఆఫీసులో కూర్చుని, పశువు మీద చెయ్యి వేసే అలవాటు పోగొట్టుకున్నాడు. మా వృత్తిలో ఇంతకన్నా పెద్ద నష్టం లేదు. కళ్లతో చూసి చెప్పేది ఎవరైనా చెప్పగలరు.

నేను భుజం దగ్గర మొదలుపెట్టి గిట్ట దాకా వేళ్లతో నొక్కుతూ వచ్చాను. ఎక్కడా ఎముక కదల్లేదు, చప్పుడు లేదు. కాలి ముందువైపు చర్మం గట్టిగా గిల్లాను. మచ్చలోడు నెమరు ఆపలేదు. వెనకవైపు గిల్లాను. ఒళ్లంతా ఒక్కసారి లాక్కుంది. అంటే ముందువైపు కబురు మోసే నరం ఒక్కటే మౌనంగా ఉంది.

"ఎముక విరగలేదు ముత్తయ్యా. నరం నలిగింది."

"ఏంది డాక్టరమ్మా, ఆ సారేమో ఇరిగిందన్నడు. నువ్వేమో ఇరగలేదంటవు. ఇరగకపోతే నడువదేంది మరి?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. జీపు రెండుసార్లు హారన్ కొట్టింది.

ముత్తయ్యకు చెప్పింది

ఆ రోజు ఆయనకు చెప్పిందే మీకూ చెబుతాను. ఇంతకన్నా బాగా చెప్పడం నాకు తర్వాత కూడా రాలేదు.

కండరం తనంతట తాను కదలదు. దానికి నరం కబురు తేవాలి. నరం సన్నని దారం. వెన్ను నుంచి బయలుదేరి, ఒక గొట్టంలాంటి తొడుగులో నడిచి, కండరం దగ్గర చిన్న చిన్న కొమ్మలుగా విడిపోతుంది. ప్రతి కొమ్మ కొన కండరపు పోగు మీద ఒక చోట వాలి ఉంటుంది. అంటుకుని ఉండదు. మధ్యలో కంటికి కనిపించని సందు ఉంటుంది. నరం కొన ఒక చిటికెడు రసాన్ని వదిలితే అది ఆ సందు దాటి కండరాన్ని తాకుతుంది. అప్పుడే కండరం ముడుచుకుంటుంది. దూడ కడుపులో ఉన్నప్పుడే ఈ ముడులన్నీ పడిపోతాయి. మొదట ఒక్కో పోగు మీద చాలా నరాలు వచ్చి వాలతాయి. పుట్టి కాస్త పెరిగేలోగా ఒక్కటి నిలుస్తుంది, మిగతావి తప్పుకుంటాయి.

నరం నలిగితే, నలిగిన చోటు నుంచి కింది భాగమంతా చచ్చిపోతుంది. తొడుగు మాత్రం ఉంటుంది. పైన బతికి ఉన్న కొసలోంచి కొత్త మొలక బయలుదేరి, ఆ ఖాళీ తొడుగులో దారి పట్టుకుని దిగుతుంది. రోజంతా నడిచినా గోరు మందం ముందుకు పోవడమే గొప్ప. అలా దిగి దిగి, కండరం మీద తాను పూర్వం వాలిన చోటుకే వచ్చి వాలుతుంది. ఆ చోటు గుర్తును కండరం చెరపకుండా పెట్టుకుంటుంది.

"ఎన్నాళ్లు పెట్టుకుంటది?" అన్నాడు ముత్తయ్య.

సరైన ప్రశ్న అదే. కండరం కలకాలం ఎదురుచూడదు. కబురు రాని కండరం కరిగిపోతుంది, పీచుగా మారుతుంది. కీళ్లు బిగుసుకుపోతాయి. అప్పుడు నరం వచ్చినా వాలడానికి చోటుండదు.

"నరం దానంతట అదే వస్తుంది. దాన్ని తొందరపెట్టే మందు నా దగ్గర లేదు. వచ్చేదాకా కాలును కాపాడడమే మన పని" అన్నాను. విటమిన్ ఇంజెక్షన్ ఒకటి వేశాను. నిజం చెప్పాలంటే అది ఎద్దుకన్నా ముత్తయ్యకు ధైర్యం ఇవ్వడానికి.

"వస్తదా కచ్చితంగా?" అంది కన్నమ్మ. అప్పటిదాకా గుమ్మంలోనే నిలబడి వింటోంది.

"తొడుగు తెగకుండా ఉంటే వస్తుంది. తెగిందో లేదో నాకు తెలీదు. కొన్నాళ్లు పోతేగాని తెలీదు."

కొత్తగా చేరినవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. తెలీదు అని చెప్పినందుకు అడవిలో ఎవరూ మనల్ని తక్కువగా చూడరు. తెలిసినట్టు నటించినవాణ్ని మాత్రం మరిచిపోరు.

కన్నమ్మ చేతులు

వెదురు బద్దలకు పాత చీర పీలికలు చుట్టి గిట్ట నిటారుగా నిలబడేలా కట్టాం. కీలు ఎలా మడిచి చాపాలో కన్నమ్మకు చూపించాను. ఆమె పొద్దున, సాయంత్రం ఇప్ప నూనె వెచ్చబెట్టి భుజం నుంచి కిందిదాకా రాసేది. రాస్తున్నంతసేపూ ఎద్దును తిట్టేది. కళ్లు నెత్తికెక్కి వాగులో పడ్డావని, నీ పొగరు నా చేతుల మీదికి వచ్చిందని. ముత్తయ్య పక్కన నిలబడి పచ్చగడ్డి అందించేవాడు, మధ్యమధ్య తిట్లలో తన వాటా తాను అందుకునేవాడు.

ఆ ఏడు రెండో ఎద్దును పక్కింటివాళ్ల ఎద్దుతో జత కట్టి దున్నారు. నాట్లు ఆలస్యమయ్యాయి. ఊళ్లో కొందరు అమ్మేయమన్నారు. ముత్తయ్య వినలేదు.

నేను వెళ్లినప్పుడల్లా భుజం కండ పట్టి చూసేదాన్ని. మొదట్లో వారం వారానికి పలచబడుతూ వచ్చింది. భుజం ఎముక చర్మం కింద బయటపడింది. అది చూసి నాకే ఆశ తగ్గింది. తొడుగు తెగిందేమో అనుకున్నాను. వాళ్లతో అనలేదు, అలాగని లేని ఆశా పెట్టలేదు.

కోతల కాలంలో ఒక రోజు వెళ్లేసరికి కన్నమ్మ నా చెయ్యి పట్టుకుని ఎద్దు దగ్గరికి లాక్కుపోయింది. "ఇక్కడ చెయ్యి పెట్టు" అంది. దాని మోచేతి పైన పెట్టాను. ముత్తయ్య ఎద్దును ముందుకు అదిలించాడు. నా అరచేతి కింద కండ బిగిసింది. ఎంతో కాదు, చీకటి గదిలో ఎవరో కదిలినట్టు.

"వచ్చింది గదా?" అంది కన్నమ్మ.

"వచ్చింది."

ఇప్పపువ్వు రాలే కాలానికి మచ్చలోడు బద్దలు లేకుండా నడిచింది. నరం పైనుంచి కిందికి దిగుతుంది కాబట్టి బలం కూడా అలాగే వచ్చింది. మొదట మోచేయి, తర్వాత ముంజేయి, అన్నిటికన్నా చివర గిట్ట. మరుసటి వానలకు కాడి కట్టారు. ఆ పొలంలో మొదటి చాలు దున్నుతుంటే నేను గట్టు మీద నిలబడి చూశాను. నా ఉద్యోగంలో అంత సంతోషం మరొకటి లేదు. అందుకే ఆ తర్వాతది చెప్పడం కష్టంగా ఉంది.

సూది గురించి ఒక మాట

మిగతా కథకు ముందు ఒక హెచ్చరిక, మళ్లీ మరిచిపోతాను. లేగదూడ తొడ వెనక సూది వేసేటప్పుడు నరం ఎక్కడ నడుస్తుందో తెలియకుండా వెయ్యొద్దు. ఊళ్లలో సూది చేతికి దొరికిన ప్రతివాడూ పొడుస్తాడు. వాళ్లు పొడిచి కుంటివి చేసిన దూడలు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. బండల మధ్య నలిగిన నరం కోలుకోవచ్చు గాని మందు మంటకు మాడిన నరం చాలాసార్లు కోలుకోదు. తొందరలో ఉన్నప్పుడు సూది మెడలో వెయ్యండి.

కట్లపాము

మచ్చలోడికి కాడి కట్టిన ఆ వానల్లోనే గొంతువాపు టీకాల కోసం ఆ ఊరికి పొద్దున్నే వెళ్లాను. అందరూ పశువుల్ని తోలుకొచ్చారు. ముత్తయ్య రాలేదు. కన్నమ్మ ఒక్కతే వచ్చింది.

"తెల్లారి లేచినకాంచి కడుపునొప్పంటండు. ఇప్పుడేమో కళ్లు తెరువనీకి వస్తలేదంటండు. తాగినోడి లెక్క ఉన్నడు, తాగలేదు" అంది.

టీకా సిరంజి పక్కన పెట్టేశాను. వాళ్లింటికి పరిగెత్తినట్టే వెళ్లాను. ముత్తయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెప్పలు సగం వాలి ఉన్నాయి. నన్ను చూడడానికి తల వెనక్కి వంచాడు. "మింగుడు పడతలేదు డాక్టరమ్మా" అన్నాడు. మాట ముక్కులోంచి వస్తోంది. ఒంటి మీద ఎక్కడా వాపు లేదు, గాటు లేదు. రాత్రి నేల మీద పడుకున్నాడు.

కట్లపాము కాటు అలాగే ఉంటుంది. నొప్పి ఉండదు, మచ్చ కనబడదు. దాని విషం పోయి పోయి నరం కొనలు కండరం మీద వాలే చోటునే పట్టుకుంటుంది. ఆ కొనల్ని తినేస్తుంది. నరం బాగుంటుంది, కండరం బాగుంటుంది, మధ్యలో కబురు ఆగిపోతుంది. మొదట రెప్పలు, తర్వాత గొంతు, తర్వాత చేతులు కాళ్లు, చివరికి ఊపిరి తీసే కండరాలు.

మా జీపులోనే పడుకోబెట్టాం, కన్నమ్మ పక్కన కూర్చుంది. డ్రైవర్ జోగా గుంతలు లెక్కచేయకుండా నడిపాడు. దారిలో భద్రతా దళాల క్యాంపు గేటు దగ్గర జవాను లోపలికి తొంగి చూసి, రోడ్డుకు అడ్డంగా కట్టిన తాడు ఎత్తేశాడు. దారిలో ఉన్న చిన్న ఆసుపత్రికి చేరేసరికి ముత్తయ్య ఛాతీ పైపైనే ఆడుతోంది. అక్కడి డాక్టరు కుర్రవాడు, చేరి ఎక్కువ కాలం కాలేదు. చెప్పగానే అర్థం చేసుకున్నాడు. విషానికి విరుగుడు ఎక్కించాడు. ఊపిరి ఆగిపోతుంటే గొంతులో గొట్టం వేసి, చేత్తో నొక్కి గాలి పంపే రబ్బరు సంచి తగిలించాడు. నర్సు ఒకామె నొక్కుతూ కూర్చుంది.

పెద్దాసుపత్రికి తీసుకెళ్లే అంబులెన్సు కోసం ఎదురుచూస్తున్నాం. వాగు పొంగడంతో అది అవతలే ఆగిపోయింది. ముత్తయ్య ఒంట్లో ఒక్క వేలు కూడా కదలడం లేదు. డాక్టరు రెప్పలెత్తి టార్చి వేశాడు. కంటిపాపలు పెద్దవిగా విప్పుకుని ఉన్నాయి, వెలుగుకు ముడుచుకోలేదు. మళ్లీ వేశాడు. మళ్లీ అంతే. ఆయన ముఖం వాడిపోయింది. కన్నమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఇక లాభం లేదు. మెదడు పోయింది. మనం గాలి కొడుతున్నాం కాబట్టి ఛాతీ ఆడుతోంది, అంతే" అన్నాడు.

కన్నమ్మ మంచం పక్కన నేల మీద కూలబడి పాట ఎత్తుకుంది. దోర్ల ఆడవాళ్లు పోయినవాళ్ల గురించి పాడుతూ ఏడుస్తారు. ఆ మనిషి చేసినవన్నీ చెప్పి ఏడుస్తారు. ముత్తయ్య చెట్టెక్కి తేనె తెచ్చి తనకు ముందు పెట్టేవాడని, గాలివానకు కూలిన ఇంటిని మళ్లీ కట్టాడని, కడుపు పండలేదని ఒక్కనాడూ ఒక్క మాట అనలేదని, అన్నవాళ్లతో మాట్లాడడం మానేశాడని. నాకు అర్థమవుతూనే ఉంది.

నేను డాక్టరును పక్కకు పిలిచాను.

"గుండె చూశారా?"

"బలంగానే కొట్టుకుంటోంది మేడమ్. కానీ కంటిపాపలు..."

"పాపను ముడిచే కండరానికి కూడా నరం కొనే కబురు చెప్పాలి కదా డాక్టర్ గారూ. కట్లపాము విషం ఆ కబురును కూడా ఆపేస్తుంది. మెదడు లోపల బాగానే ఉండి ఉండొచ్చు. ఆ కొనలు మళ్లీ మొలుస్తాయి. అన్ని రోజులూ ఊపిరి అందిస్తే చాలు."

ఆయన ఒక్క క్షణం నన్నే చూశాడు. పశువుల డాక్టరు చెప్పేదేమిటని అనలేదు. ఫోన్ తీసి ఎవరో పెద్ద డాక్టరుతో మాట్లాడాడు. వచ్చి నర్సు చేతిలోంచి సంచి తానే తీసుకున్నాడు. "ఆపొద్దు" అన్నాడు. వాగు తగ్గాక అంబులెన్సులో నది అవతలి పెద్దాసుపత్రికి తానే వెంట వచ్చాడు. ఆయన చేతులు పట్టేసినప్పుడు నేను నొక్కాను, నా చేతులు పట్టేసినప్పుడు ఆయన. ఇలాంటి డాక్టర్ల గురించి ఎవరూ రాయరు. తప్పు మాట అన్నాడు, సరిదిద్దుకున్నాడు, దారి పొడవునా ఆ మనిషికి ఊపిరి పోశాడు.

వేలు

పెద్దాసుపత్రిలో వెంటిలేటర్ మీద పెట్టారు. నేను వీలైనప్పుడల్లా వెళ్లేదాన్ని. కన్నమ్మ లోపలికి వెళ్లనిచ్చినంతసేపూ ఆయన చేతులు మడిచి చాపుతూ ఉండేది. ఎవరూ చెప్పలేదు. ఎద్దుకు చేసినట్టే చేసేది. తిట్టడం మాత్రం లేదు.

కొన్నాళ్లకు ఆయన చూపుడువేలు కదిలింది. ఆమె వేలు ఆయన వేళ్ల మధ్య ఉన్నప్పుడు నొక్కాడట. నేను వెళ్లేసరికి డాక్టర్లు కూడా చూశారు. నేనూ చెయ్యి పట్టుకుని, "ముత్తయ్యా, వింటున్నావా?" అన్నాను. నొక్కాడు. రెప్పలు ఇంకా వాలే ఉన్నాయి. ఆ వేలి మీద ఉన్న బలం నాకు ఇప్పటికీ తెలుసు.

ఆ వారంలోనే జ్వరం వచ్చింది. గొట్టం మీద అన్ని రోజులు ఉన్నవాళ్ల ఊపిరితిత్తులకు చీము పట్టి వచ్చే జ్వరం అది. మందులు మార్చారు. వేలు కదులుతూనే ఉంది, ఒక రోజు చెయ్యి కూడా లేచింది, జ్వరం మాత్రం దిగలేదు. ముత్తయ్య పోయాడు.

కొత్తవాళ్లకు ఇక్కడ ఏదో ఒక పాఠం చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. నరం చేయవలసింది నరం చేసింది. డాక్టర్లు చేయవలసింది వాళ్లు చేశారు. దూరం ఎక్కువైంది, వాగు పొంగింది, ఊరికి దగ్గర్లో ఊపిరి అందించే యంత్రం లేదు. ఇవి నా పుస్తకాల్లో లేని విషయాలు. కానీ మనిషి బతకడం, పశువు బతకడం చాలాసార్లు వీటి మీదే ఆధారపడుతుంది. కోంటా వైపు వెళ్లేవాళ్లు ఇది తెలుసుకుని వెళ్లాలి. తెలుసుకుని కూడా మానకుండా వెళ్లాలి.

ఆమె అడిగింది

ఆ తర్వాత పొలం కన్నమ్మ తమ్ముడు చేశాడు, ఆ ఎడ్లతోనే. నేను టీకాలకు వెళ్లినప్పుడల్లా కన్నమ్మ కుర్చీ వేసేది, మంచినీళ్లు ఇచ్చేది. గొంతు తగ్గిపోయింది. ఆసుపత్రి మాట ఎత్తేది కాదు. మనిషి పోయినప్పుడు కూడా ఆమె కంట తడి నేను చూడలేదు. ఏడవవలసింది ముందే ఏడ్చేశాననుకుందో ఏమో.

నా బదిలీ ఖాయమయ్యాక చెప్పి రావడానికి వెళ్లాను. కన్నమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నాకు కుర్చీ వేసి మళ్లీ చాట అందుకుంది. తర్వాత చాట ఆపకుండానే అడిగింది.

"డాక్టరమ్మా, ఆ చిన్నాసుపత్రిల, పోయిండని చెప్పినప్పుడు నేను ఏడ్చిన గదా. అప్పుడు ఆయన బతికే ఉండె గదా."

"బతికే ఉన్నాడు."

"నేను ఏడ్చింది ఆయనకు వినబడ్డదా?"

ఇలాంటి చోట అబద్ధం తేలిగ్గా వస్తుంది. లేదమ్మా, ఏమీ తెలిసి ఉండదు అంటే సరిపోయేది. బతికున్న మనిషి ముందు చావు పాట పాడానన్న బాధ ఆమెకు ఉండేది కాదు. కానీ కట్లపాము కాటు నుంచి బయటపడినవాళ్లు చెప్పింది నేను విన్నాను. కదల్లేక పడి ఉన్నప్పుడు చుట్టూ మాట్లాడిందంతా వినబడిందని చెబుతారు. ఆమె నన్ను ఇన్నేళ్లూ నిజమే అడిగింది.

"వినబడే ఉంటుంది కన్నమ్మా."

చాట ఆగింది.

"మొత్తమా?"

"మొత్తం."

ఆమె చాట ఒళ్లో పెట్టుకుంది. పొలం వైపు తిరిగింది.

"బతికున్నన్ని రోజులు ఆయన ముంగట ఒక్క మంచి మాట అనలే నేను. పొద్దున లేస్తే తిట్టుడే. లోపలున్నది బయటికి వచ్చేది కాదు. పోయిండన్నంక అన్నీ చెప్పిన, తేనె సంగతి, ఇల్లు సంగతి, పిల్లల్లేని సంగతి, ఒక్కటి ఇడువకుండ." చేత్తో చాటలో బియ్యం సర్దింది. "విన్నడన్నమాట."

"విన్నాడు."

"మంచిదైంది" అంది. అని, చాటలో బియ్యం ఒలికిపోతుంటే పట్టించుకోకుండా, రెండు చేతుల్లో ముఖం దాచుకుని గట్టిగా ఏడ్చింది.